మిషను వినిపిస్తుంది, మాట నేర్పేది ఇల్లే



ఈ రోజు మాట్లాడుకోబోయేది చెవి వినపడని పిల్లల గురించి. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా పుట్టుకతోనే వినికిడి లోపంతో పుడతారు. మన చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ అలాంటి పిల్లలు ఉంటారు. వాళ్ళని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "మూగోడు" అంటారు. "మూగది" అంటారు. ఆ బిడ్డకి ఒక పేరు ఉంటుంది. రేషన్ కార్డు మీద ఉంటుంది. ఊరి నోట్లో మాత్రం ఉండదు.

ముందు ఈ పిలుపు మాన్పించాలి. ఎందుకంటే అది తప్పు మాట. ఆ పిల్లల్లో చాలామందికి నాలుక బాగానే ఉంటుంది. గొంతు బాగానే ఉంటుంది. ఏడుస్తారు, నవ్వుతారు, కోపం వస్తే గట్టిగా అరుస్తారు. గొంతు లేనివాళ్ళు అరవగలరా? వాళ్ళకి తక్కువైంది వినికిడి. చెవిలోకి మాట వెళ్ళలేదు, కాబట్టి నోట్లోంచి మాట రాలేదు. బావిలో నీరు ఊరకపోతే చేదలోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?

ఈ సంగతి తెలిస్తే సగం దారి దొరికినట్టే. చెవికి మాట వినిపించే ఏర్పాటు చెయ్యాలి. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు మాట నేర్పాలి. ఈ రెండూ తొందరగా జరగాలి.

పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారు?

చదువుకి పలకా బలపం ఉంటాయి. మాటలకి అవేమీ ఉండవు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అయినా మూడేళ్ళు వచ్చేసరికి పిల్లలు ఇల్లంతా మాటలతో నింపేస్తారు. ఎలా వచ్చాయి అవి?

వినడం వల్ల వచ్చాయి. తల్లి కడుపులో ఆరో నెల దాటేసరికే బిడ్డ చప్పుళ్ళు వినడం మొదలుపెడుతుంది. పుట్టేసరికే తల్లి గొంతు దానికి పరిచయం. పుట్టిన తర్వాత దాదాపు ఏడాదిపాటు వింటూనే ఉంటుంది. "అమ్మ" అన్న మాట లెక్కలేనన్ని సార్లు చెవిలో పడుతుంది. అప్పుడు ఒక రోజు బిడ్డ నోట్లోంచి "అమ్మ" అని వస్తుంది.

మరి చెవి ఎలా పనిచేస్తుంది? చప్పుడు అంటే గాలిలో పుట్టే ఊపు. ఆ ఊపు చెవి రంధ్రంలోంచి వెళ్ళి లోపల ఉన్న పల్చటి పొరకి తగులుతుంది. దాన్ని కర్ణభేరి అంటారు. భేరి అంటే డప్పు. ఆ పొర డప్పులాగే అదురుతుంది. దాని వెనక మూడు చిన్న ఎముకలు ఉన్నాయి. అవి ఆ అదురుని లోపలి చెవికి అందిస్తాయి.

లోపలి చెవి నత్త గుల్లలాగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అది శనగ గింజంత ఉంటుంది. అందులో నీరు ఉంటుంది. సన్నని వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. వరి చేలో గాలి వీస్తే కంకులు ఊగినట్టు ఆ మొనలు ఊగుతాయి. ఆ ఊపు చిన్న కరెంటుగా మారి నరం ద్వారా మెదడుకి చేరుతుంది. అప్పుడు మెదడు "ఇది అమ్మ గొంతు" అని పోల్చుకుంటుంది. అంటే చెవి తలుపు మాత్రమే. వినేది మెదడు.

చెవిలో గుబిలి పేరుకున్నా, చీము పట్టినా, కర్ణభేరికి చిల్లు పడినా వినికిడి తగ్గుతుంది. వాటికి మందులు ఉన్నాయి, ఆపరేషన్లు ఉన్నాయి. కానీ లోపలి చెవిలోని ఆ కణాలు పాడైతే మళ్ళీ మొలవవు. పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువగా ఇలాంటిదే. దానికి నోట్లో వేసుకునే మందు లేదు. చెవిలో పోసే చుక్కలు లేవు. మిషను సాయం కావాలి.

ఎలా గుర్తుపట్టాలి?

చెవుడు పైకి కనపడదు. బిడ్డ చక్కగా ఉంటుంది. పాలు తాగుతుంది, నవ్వుతుంది. మొదటి నెలల్లో వినపడని బిడ్డ కూడా "ఊ... ఊ..." అని ఊకొడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి అనుమానం రాదు. తన గొంతు తనకి వినపడక, ఆ ఊకొట్టడం మెల్లగా తగ్గిపోతుంది.

ఈ గుర్తులు చూసుకోండి.

పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడికి ఉలిక్కిపడాలి.

నాలుగు నెలలకి అమ్మ గొంతు వింటే ఏడుపు ఆపాలి, లేదా కళ్ళు అటు తిప్పాలి.

ఆరు, ఏడు నెలలకి చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాలి. "బబ్బబ్బ", "దద్దద్ద" అంటూ ఉండాలి.

ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి. ఒకటి రెండు మాటలు రావాలి.

రెండేళ్ళకి రెండు మాటలు కలపాలి. "పాలు కావాలి", "తాత రా" అనాలి.

ఇవి లేకపోతే పరీక్ష చేయించాలి.

కొందరు బిడ్డ వెనక నిలబడి పళ్ళెం మోగించి చూస్తారు. బిడ్డ తిరిగితే "వినపడుతోందిలే" అని ఊరుకుంటారు. ఈ పరీక్షని నమ్ముకోకూడదు. బిడ్డకి నీడ కనపడి ఉండవచ్చు. నేల అదిరింది తెలిసి ఉండవచ్చు. టపాసు పేలితే తిరిగాడంటే టపాసు వినపడిందని అర్థం. మాట వినపడిందని కాదు. చప్పుడుని డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. గుసగుస 30 డెసిబెల్లు ఉంటుంది. మామూలు మాట సుమారు 60 డెసిబెల్లు. టపాసు దానికంటే చాలా పెద్దది. డప్పు వినపడి మాట వినపడని పిల్లలు ఎంతోమంది ఉన్నారు.

ఆలస్యం ఎందుకు అవుతుంది?

ఒక ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుందాం. పిల్లవాడికి ఏడాదిన్నర. మాటలు లేవు. తల్లికి మనసులో అనుమానం. అత్త అంటుంది, "వాళ్ళ నాన్నకి కూడా నాలుగేళ్ళకి గాని మాటలు రాలేదు. కంగారెందుకు?" అని. పక్కింటామె వస కొమ్ము అరగదీసి నాకించమంటుంది. ఇంకొకరు నాలుక కింద తీగ కోయించమంటారు. ఇంకొకరు చెవిలో ఆకు పసరు పొయ్యమంటారు. ఇంట్లో పెద్దాయన మొక్కు మొక్కుకుంటాడు.

మొక్కుకోవడం తప్పు అని ఎవరూ అనరు. ఎవరి నమ్మకం వారిది. కానీ మొక్కు తీర్చే రోజు దాకా పరీక్ష ఆపితే నష్టం బిడ్డకే. వసతో చెవుడు పోదు. వినపడక మాట రాని బిడ్డకి నాలుక తీగ కోసినా మాట రాదు. చెవిలో పసరు, వేడి నూనె పోస్తే ఉన్న చెవి కూడా చెడిపోతుంది.

ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే మూడేళ్ళు గడిచిపోతాయి. ఆ మూడేళ్ళు మళ్ళీ రావు. ఎందుకని?

మెదడు మాట నేర్చుకునే అదను ఆ వయసే. పొలానికి అదను ఉన్నట్టే మెదడుకీ ఉంది. తొలకరిలో వెయ్యాల్సిన విత్తనం కార్తీకంలో వేస్తే ఏమవుతుంది? మొలవచ్చు. కానీ పంట తగ్గుతుంది. చెవి నుంచి ఏ కబురూ రాకపోతే, వినడానికి ఉన్న చోటుని మెదడు వేరే పనులకి వాడుకుంటుంది. తర్వాత మిషను పెట్టినా కష్టం ఎక్కువవుతుంది.

అందుకే డాక్టర్లు ఒక లెక్క చెబుతారు. ఒకటి, మూడు, ఆరు. పుట్టిన ఒక నెలలోపు చెవి పరీక్ష జరగాలి. అనుమానం ఉంటే మూడు నెలలలోపు పెద్ద పరీక్ష చేసి తేల్చుకోవాలి. చెవుడు ఉందని తేలితే ఆరు నెలలలోపు మిషను, శిక్షణ మొదలుకావాలి. ఒకటి, మూడు, ఆరు. ఈ మూడు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి.

మీ ఇంటి బిడ్డకి ఆ వయసు దాటిపోయిందా? అయినా ఊరుకోవద్దు. ఈ రోజు మొదలుపెడితే రేపటికంటే ఒక రోజు ముందు మొదలుపెట్టినట్టే.

పరీక్ష అంటే భయమా?

భయం అక్కర్లేదు. సూది ఉండదు. నొప్పి ఉండదు. మొదటి పరీక్షలో బిడ్డ చెవిలో మెత్తటి చిన్న బిరడా పెడతారు. మిషను లోపలికి చిన్న చప్పుడు పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి తిరిగి సన్నటి చప్పుడు చేస్తుంది. ఆ మిషను దాన్ని పట్టుకుంటుంది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

రెండోదాన్ని బెరా పరీక్ష అంటారు. బిడ్డ నిద్రపోతుండగా తల మీద, చెవుల వెనక చిన్న బిళ్ళలు అంటించి చప్పుళ్ళు వినిపిస్తారు. మెదడుకి ఆ కబురు చేరుతోందా లేదా అన్నది కంప్యూటరు మీద గీతలుగా కనపడుతుంది. బిడ్డ చెప్పక్కర్లేదు. మెదడే చెబుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి? ముందు ఆశా కార్యకర్తకి గాని, ఏ.ఎన్.ఎం.కి గాని, అంగన్‌వాడీ టీచరుకి గాని చెప్పండి. 2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటి మొదలుపెట్టింది. డాక్టర్లు అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి వచ్చి పిల్లల్ని చూస్తారు. పుట్టుకతో వచ్చే చెవుడు కూడా వాళ్ళు చూడవలసిన లోపాల్లో ఒకటి. వాళ్ళు జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి చీటీ రాసి పంపుతారు. హైదరాబాదులో కోఠి దగ్గర, విశాఖపట్నంలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రులు ఉన్నాయి. వినికిడి లోపం కోసమే పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ 1983లో ముంబైలో మొదలయింది. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది.

చెవి మిషను ఏం చేస్తుంది?

చెవి మిషను చప్పుడుని పెద్దది చేస్తుంది. ఒకప్పుడు జేబులో పెట్టుకునే డబ్బా ఉండేది. దానినుంచి తీగ చెవికి వచ్చేది. ఇప్పుడు చెవి వెనక పట్టే చిన్న మిషన్లు వచ్చాయి. లోపలి చెవిలో కొన్ని కణాలైనా బాగుంటే ఈ మిషను పనికొస్తుంది.

మిషనుకి ఒక మెత్తటి అచ్చు ఉంటుంది. అది బిడ్డ చెవి కొలతకే తయారుచేస్తారు. బిడ్డ పెరిగే కొద్దీ చెవి కూడా పెరుగుతుంది. అప్పుడు అచ్చు వదులవుతుంది. వదులైతే మిషను "కూయ్" అని ఈల వేస్తుంది. చాలామంది మిషను చెడిపోయింది అనుకుని తీసి పెట్టెలో పెట్టేస్తారు. చాలాసార్లు చెడిపోయింది మిషను కాదు, అచ్చు చాలకపోవడమే. కొత్త అచ్చు చేయిస్తే సరిపోతుంది. చిన్నపిల్లలకి ఇది తరచుగా మార్చాలి.

మిషను బాగుండాలంటే నాలుగు జాగ్రత్తలు.

ఒకటి. స్నానం చేయించేటప్పుడు, వానలో, నిద్రపోయేటప్పుడు తీసెయ్యాలి. మిగతా వేళంతా చెవికి ఉండాలి. పండగకో, పెళ్ళికో పెట్టుకునే నగ కాదు అది.

రెండు. చెమటకీ తేమకీ మిషను పాడవుతుంది. రాత్రిళ్ళు తేమ పీల్చే పూసలు వేసిన మూత డబ్బాలో పెట్టాలి. ఆ పూసలు మిషను ఇచ్చేచోట అడగండి.

మూడు. అచ్చుని మిషను నుంచి విడదీసి సబ్బు నీళ్ళతో కడగాలి. పూర్తిగా ఆరాక పెట్టాలి. మిషనుని మాత్రం నీళ్ళలో ముంచకూడదు.

నాలుగు. అందులోని బ్యాటరీ చిన్న బిళ్ళలా ఉంటుంది. పిల్లలు మింగితే ప్రాణాపాయం. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత బ్యాటరీలు ఇంట్లో పారెయ్యకూడదు.

ఈ మిషన్ల కోసం కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి ఎడిప్ అనే పథకం నడుపుతోంది. ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ళ పిల్లలకి ఆ పథకం కింద మిషన్లు ఉచితంగా ఇస్తారు.

మిషను సరిపోకపోతే?

కొందరు పిల్లలకి లోపలి చెవి బొత్తిగా పనిచెయ్యదు. ఎంత పెద్ద చప్పుడు పంపినా పట్టుకునే కణాలు లేవు. అలాంటివాళ్ళకి కాక్లియర్ ఇంప్లాంట్ అనే ఆపరేషన్ ఉంది.

దీని వెనక ఒక కథ ఉంది. ఆస్ట్రేలియా దేశంలో గ్రేమ్ క్లార్క్ అనే డాక్టరు ఉన్నాడు. ఆయన తండ్రి మందుల షాపు నడిపేవాడు. ఆయనకి చెవి సరిగా వినపడేది కాదు. తండ్రి పడే ఇబ్బంది చూస్తూ ఆ పిల్లవాడు పెరిగాడు. పెద్దయి చెవి డాక్టరు అయ్యాడు. చెడిపోయిన కణాల్ని దాటి, నేరుగా నరానికే కరెంటు కబురు పంపాలి అనుకున్నాడు. కానీ నత్త గుల్లలాంటి లోపలి చెవిలోకి సన్నని తీగ ఎలా దూర్చాలి? చుట్టలు తిరిగి ఉంటుంది కదా!

1977లో ఆయన సెలవులకి సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఒక గవ్వ దొరికింది. ఒక గడ్డిపరక తీసుకుని గవ్వలోకి దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక సులువుగా చుట్టలోకి వెళ్ళిపోయింది. తీగ కూడా అలాగే ఉండాలని తెలిసింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్ నగరంలో, ప్రమాదంలో వినికిడి పోయిన ఒక మనిషికి ఆయన ఆ ఆపరేషన్ చేశాడు.

అంతకుముందే 1957లో ఫ్రాన్సులో, 1961లో అమెరికాలో డాక్టర్లు ఇలాంటి ప్రయత్నాలు చేశారు. 1990లో అమెరికా ప్రభుత్వం రెండేళ్ళు దాటిన పిల్లలకి ఇది పెట్టడానికి అనుమతి ఇచ్చింది. 2020లో అక్కడ ఒక కంపెనీ మిషనుకి తొమ్మిది నెలల పిల్లల దాకా అనుమతి వచ్చింది.

ఇందులో రెండు భాగాలు. ఒక భాగం ఆపరేషన్ చేసి చర్మం కింద పెడతారు. దాని తీగ లోపలి చెవిలోకి వెళుతుంది. రెండో భాగం చెవి వెనక బయట ఉంటుంది. అది చప్పుడు పట్టుకుని లోపలికి పంపుతుంది. ఆపరేషన్ అయిన వెంటనే బిడ్డకి వినపడదు. గాయం మానాక, కొన్ని వారాలకి మిషను మొదలుపెడతారు. తర్వాత ఎన్నోసార్లు వెళ్ళి చప్పుడు ఎంత పెట్టాలో సరిచేయించుకోవాలి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. కానీ పేద ఇళ్ళకి దారి ఉంది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయింది. కాక్లియర్ ఆపరేషన్‌ని అందులో చేర్చారు. రాష్ట్రాలు వేరయ్యాక తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరుతోనే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పేరు మార్చారు. 2014లో కేంద్రం కూడా ఎడిప్ పథకంలో ఈ ఆపరేషన్ చేర్చింది. అప్పుడు ఒక్కో బిడ్డకి 6 లక్షల రూపాయల దాకా ఇవ్వాలని నిర్ణయించింది. ఈ పథకాలన్నిటికీ వయసు పరిమితి ఉంటుంది. పుట్టు చెవుడు పిల్లలకి అది చిన్న వయసే. ఆలస్యం చేస్తే పథకం కూడా దాటిపోతుంది. అందుకే ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దేవుడిచ్చిన చెవిలో 15 వేల కణాలు ఉంటాయి. ఈ తీగ మీద కరెంటు ఇచ్చే చుక్కలు పన్నెండు నుంచి ఇరవై రెండు దాకా మాత్రమే ఉంటాయి. కాబట్టి బిడ్డకి వినపడేది మనకి వినపడినట్టు ఉండదు. ఆ చప్పుళ్ళకి అర్థం బిడ్డ మెదడు నేర్చుకోవాలి. లోపల వినికిడి నరమే లేని కొందరు పిల్లలకి ఈ ఆపరేషన్ పనికిరాదు. ఎవరికి పనికొస్తుందో పరీక్షలు చేసి డాక్టర్లు చెబుతారు.

మిషను పెట్టాక మాట వచ్చేస్తుందా?

రాదు. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కళ్ళజోడు పెట్టుకుంటే వెంటనే కనపడుతుంది. చెవి మిషను అలా కాదు. రెండేళ్ళ బిడ్డకి ఈ రోజు మిషను పెడితే, వినికిడిలో వాడు ఈ రోజే పుట్టాడు. వాడి వినికిడి వయసు సున్నా. ఏడాది వినాలి. అప్పుడు మాటలు మొదలవుతాయి. వారానికి ఒకటి రెండు రోజులు శిక్షణ ఇచ్చే టీచరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కానీ టీచరు దగ్గర బిడ్డ ఉండేది ఒక గంట. మిగతా రోజులన్నీ ఇంట్లోనే ఉంటాడు. అందుకని అసలు టీచర్లు ఇంట్లోవాళ్ళే. టీచరు బిడ్డకి నేర్పడంతో పాటు తల్లికీ తండ్రికీ నేర్పుతుంది.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. బొమ్మల పుస్తకాలు లేకపోయినా ఫరవాలేదు. చేసే పనే చెబుతూ చెయ్యాలి.

పప్పు కడిగేటప్పుడు: "ఇదిగో పప్పు. పప్పు కడుగుదాం. నీళ్ళు పొయ్యి. ఇంకొంచెం పొయ్యి. చాలు."

గేదె దగ్గర: "అదిగో, గేదె అరిచింది. విన్నావా? గేదెకి ఆకలేస్తోంది. గడ్డి వేద్దామా?"

చొక్కా తొడిగేటప్పుడు: "చెయ్యి పెట్టు. ఇంకో చెయ్యి ఏది? ఎర్ర చొక్కా బాగుంది."

మాట్లాడేటప్పుడు బిడ్డకి చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి. అరవకూడదు. అరిస్తే మాట వంకర పోతుంది. మామూలు గొంతుతో, కాస్త నిదానంగా చెప్పాలి. టీవీ ఆపెయ్యాలి. ఒక్కొక్క ముక్క కాకుండా పూర్తి వాక్యం చెప్పాలి. ముందు చప్పుడు వినిపించి, తర్వాత వస్తువు చూపించాలి. చెప్పాక కొంచెం ఆగాలి. బిడ్డకి జవాబు ఇచ్చే వ్యవధి ఇవ్వాలి.

బిడ్డ "నీ" అంటే, "తప్పు, సరిగా అను" అని కసరకూడదు. "నీళ్ళా? ఇవిగో నీళ్ళు. చల్లటి నీళ్ళు" అంటూ ఇవ్వాలి. సరైన మాట అలా చెవిలో పడుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు బిడ్డని మధ్యలో నిలబెట్టి "ఏదీ, అత్త అను, మామ అను" అని పరీక్ష పెట్టకూడదు. అప్పుడు వచ్చిన మాట కూడా లోపలికి పోతుంది.

రోజూ పొద్దున మిషను పెట్టగానే చిన్న ఆట ఆడించాలి. ఆ, ఊ, ఈ, మ్, స్, ష్ అనే ఆరు చప్పుళ్ళు ఉన్నాయి. మాటల్లో వచ్చే లావు గొంతు నుంచి సన్న గొంతు దాకా ఈ ఆరింటిలో ఉంటుంది. తల్లి పక్కన కూర్చుని, నోరు కనపడకుండా ఒక్కొక్కటీ పలకాలి. వినపడినప్పుడల్లా పిల్లవాడు ఒక చింతగింజ గిన్నెలో వెయ్యాలి. మరీ చిన్నపిల్లలకి గింజలు ఇవ్వకండి, ముక్కులో పెట్టుకుంటారు. చప్పట్లు కొట్టమనండి. నిన్న ఆరూ విని, ఈ రోజు నాలుగే వింటే మిషనులో లోపం ఉందేమో చూడాలి. ముందు బ్యాటరీ చూడాలి.

అక్షరాలు నేర్చుకున్న అక్కలకి ఇక్కడ ఒక మంచి పని ఉంది. ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజూ రెండు లైన్లు రాయండి. మిషను ఎన్ని గంటలు పెట్టుకున్నాడు? ఏ చప్పుడికి తల తిప్పాడు? ఏ కొత్త మాట అన్నాడు? బ్యాటరీ ఏ తారీఖున మార్చారు? ఇలా రాయవచ్చు: "సోమవారం. కుక్కర్ విజిల్‌కి చూశాడు. బుధవారం. అవ్వ పిలిస్తే తిరిగాడు." ఆ పుస్తకం శిక్షణ టీచరుకి చూపిస్తే ఆమెకి ఎంతో ఉపయోగం. "ఏమీ రావడం లేదు" అని దిగులుపడే రోజున, మూడు నెలల కిందటి పేజీ తిప్పి చూస్తే ఎంత దూరం వచ్చారో మీకే తెలుస్తుంది.

ఈ భారం తల్లి ఒక్కదానిదేనా?

చాలా ఇళ్ళలో అలాగే జరుగుతోంది. "నీ కడుపున పుట్టబట్టే ఇలా అయింది" అని తల్లిని అంటారు. ఇది అన్యాయం. పుట్టు చెవుడులో చాలా వాటికి కారణం తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్న లోపం. ఇద్దరికీ చెవులు బాగానే ఉంటాయి. ఇద్దరి నుంచీ అదే లోపం బిడ్డకి వస్తే చెవుడు వస్తుంది. మేనరికాల్లో ఇద్దరిదీ ఒకే రక్తం కాబట్టి, ఈ ప్రమాదం ఎక్కువ. మేనమామకి ఇచ్చి చేసేముందు ఈ సంగతి ఆలోచించాలి. గర్భిణికి రుబెల్లా అనే జ్వరం వచ్చినా బిడ్డ చెవి దెబ్బతింటుంది. దానికి టీకా ఉంది. 2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పిల్లలకి తట్టు, రుబెల్లా టీకా పెద్ద ఎత్తున వేశారు. ఆ టీకా మానకూడదు. పుట్టినప్పుడు కామెర్లు బాగా ఎక్కువైనా, మెదడు జ్వరం వచ్చినా చెవి పరీక్ష తప్పకుండా చేయించాలి.

శిక్షణకి వెళ్ళిన రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు అవుతాయి. అందుకే సగంలో మానేసేవాళ్ళు ఉన్నారు. లక్షలు పెట్టి చేసిన ఆపరేషన్ అప్పుడు వృథా అవుతుంది. తండ్రి ఒక వారం తీసుకెళితే తల్లికి ఒక కూలి మిగులుతుంది. నానమ్మ కథ చెబితే, అన్న ఆటలో మాట్లాడిస్తే ఇంకొంత సాయం. కొన్ని కేంద్రాలు ఫోనులో వీడియో ద్వారా కూడా పాఠాలు చెబుతున్నాయి. ఆ వీలు ఉందేమో అడగండి.

సైగలు చెయ్యవచ్చా?

సైగలు చేస్తే మాట రాదని చాలామంది భయపడతారు. ఆ భయం వద్దు. చెవి వినపడనివాళ్ళ సైగ భాష కూడా నిండైన భాషే. దానికీ వ్యాకరణం ఉంది. 2015లో ఢిల్లీలో భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం తయారుచేసిన నిఘంటువులో 2021 నాటికి పది వేల మాటలు చేరాయి. మిషనుతో బాగా మాట్లాడే పిల్లలు ఉన్నారు. కొంచెమే మాట్లాడే పిల్లలు ఉన్నారు. సైగలతోనే చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళూ ఉన్నారు. ఎవరూ తక్కువ కాదు. బిడ్డ ఏ భాషా లేకుండా పెరగడం మాత్రం జరగకూడదు. ఏ భాషా లేని బిడ్డ కడుపునొప్పి వచ్చినా ఎక్కడ నొప్పో చెప్పలేదు. ఎవరైనా కొట్టినా చెప్పలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. దగ్గరి బడిలో గాని, ప్రత్యేక బడిలో గాని చదవవచ్చు. సదరం క్యాంపులో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. అందులో పేరు, వయసు, శాతం సరిగా రాశారో లేదో అక్కడే చదివి చూసుకోండి. బడిలో చేర్చాక టీచరుకి ఒక్క మాట చెప్పండి. బిడ్డని ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్లల వైపు తిరిగి పాఠం చెప్పాలి.

అక్కలారా, అన్నలారా! ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ వీధి ఒకసారి తలుచుకోండి. ఏడాది దాటినా పేరు పిలిస్తే తిరగని బిడ్డ ఎవరింట్లోనైనా ఉందా? రెండేళ్ళు దాటినా మాట రాని బిడ్డ ఉందా? మిషను ఉండి కూడా పెట్టెలో పడి ఉన్న ఇల్లు ఉందా? ఉంటే రేపు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళండి. ఆ తల్లిని తప్పు పట్టకండి. ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని, పరీక్షకి వెళ్ళే రోజున ఆమెకి తోడు వెళ్ళండి. ఆ బిడ్డని మాత్రం పేరు పెట్టి పిలవండి. దగ్గరగా కూర్చుని, మొహం చూస్తూ, మెల్లగా, మళ్ళీ మళ్ళీ పిలవండి.